మూడో అంశం ఎవరిది? చర్చిల్ అట్లాంటిక్ ప్రసంగాలపై ఒక సంవాదం

1941 ఆగస్టు 14న లండన్‌లోనూ వాషింగ్టన్‌లోనూ విడుదలైన ప్రకటనలో ఎనిమిది అంశాలున్నాయి. మూడో అంశం సారాంశం ఇది: తాము ఎలాంటి ప్రభుత్వం కింద బతకాలో తేల్చుకునే హక్కు ప్రజలందరికీ ఉంది, ఎవరి దగ్గర్నుంచి స్వపరిపాలనను బలవంతంగా లాక్కున్నారో వారికి అది తిరిగి దక్కాలి. బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్, అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ న్యూఫౌండ్‌లాండ్ తీరంలోని ప్లాసెన్షియా అఖాతంలో, యుద్ధనౌకల మీద, ఆగస్టు 9 నుంచి 12 దాకా కూర్చుని దీన్ని ఖరారు చేశారు. అట్లాంటిక్ చార్టర్ అన్న పేరు వాళ్లు పెట్టింది కాదు. లండన్ పత్రిక డైలీ హెరాల్డ్ పెట్టింది. 1940 నుంచి 1949 దాకా అట్లాంటిక్‌కు ఇటూ అటూ చర్చిల్ చేసిన ప్రసంగాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ మూడో అంశం చుట్టూనే తిరుగుతాయి. ‘అందరూ’ అంటే ఎవరెవరు అన్నదే తగవు.

ఈ తగవును ఇక్కడ ఇద్దరు నడుపుతారు. ఒకరు కాలేజీలో ఐరోపా చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవారు ఆయన దగ్గరే బి.ఏ. చదివి, తర్వాత లా చేసి, సివిల్ కోర్టులో ఆస్తి దస్తావేజుల కేసులు వాదించే లాయరమ్మ. మాస్టారు చర్చిల్ పక్షాన మాట్లాడతారు, అలాగని భక్తుడేం కాదు. పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో చెప్పనిచ్చాకే ఖండనకు దిగాలన్నది మన శాస్త్రాల పద్ధతి. అందుకని ముందు మాట మాస్టారిది.

“1940 జూన్‌లో ఆయన ఉన్న స్థితి చూడమ్మా. డన్‌కర్క్ నుంచి 3 లక్షల 38 వేల మందిని పడవల్లో వెనక్కి తెచ్చుకున్నారు. ఫిరంగులూ ట్రక్కులూ ఫ్రాన్సులోనే వదిలేశారు. ఆ జూన్ 4న కామన్స్ సభలో చేసిన ప్రసంగంలో అందరికీ గుర్తున్నది సముద్రతీరాల్లో పోరాడతామన్న ముక్క. చివరి వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు. మా దీవి ఓడిపోయినా, దేవుడు తలచిన వేళకు కొత్త ప్రపంచం తన బలమంతా కూడదీసుకుని పాత ప్రపంచాన్ని విడిపించడానికి వచ్చేదాకా మా నౌకాదళం పోరాడుతుందన్నది దాని భావం. ఆ వాక్యం సభకు చెప్పింది కాదు, రూజ్‌వెల్ట్‌కు రాసిన ఉత్తరం.”

మాస్టారి లెక్క ప్రకారం ఆ తర్వాతి ప్రసంగాలన్నీ ఆ ఉత్తరానికి కొనసాగింపులే. 1941 ఫిబ్రవరి 9 రేడియో ప్రసంగంలో చర్చిల్ అమెరికాను సైనికులను అడగలేదు, సామగ్రి ఇస్తే పని తామే పూర్తి చేస్తామన్నారు. నాలుగు వారాలు గడిచాక, మార్చి 11న, లెండ్-లీజ్ చట్టం వచ్చింది. డబ్బు చేతిలో లేకపోయినా ఆయుధాలు తెచ్చుకునే దారి బ్రిటన్‌కు దొరికింది. పెర్ల్ హార్బర్ దాడి జరిగిన మూడు వారాలకు, డిసెంబర్ 26న, చర్చిల్ అమెరికా కాంగ్రెస్ ఉభయ సభల ముందు నిలబడ్డారు. ఆయన తల్లి జెన్నీ జెరోమ్ బ్రూక్లిన్‌లో పుట్టిన మనిషి. తండ్రి అమెరికన్, తల్లి బ్రిటిషర్ అయ్యుంటే ఈ సభకు నేనే ఎన్నికై వచ్చేవాణ్ణేమో అని చమత్కరించారు. సభ ఘొల్లున నవ్వింది. చుట్టరికం కలుపుకోవడానికి మన వైపు పెళ్లిళ్లలో పెద్దలు వాడే పద్ధతే ఇది.

“ఇల్లు అంటుకున్నప్పుడు పక్కింటివాణ్ణి బిందె పట్టుకు రమ్మని కేకేసే మనిషి, ఆ కేకలో వ్యాకరణం చూసుకోడు” అని మాస్టారు ముగించారు.

“కేకేసినందుకు నాకు అభ్యంతరం లేదు మాస్టారూ. ఏం చెప్పి పిలిచారన్నదే నా కేసు” అంది లాయరమ్మ. “హిట్లర్ దగ్గర్నుంచి ఇంగ్లండును కాపాడండి అని అడిగుంటే అది నిఖార్సైన మాట. ప్రజలందరి స్వేచ్ఛ కోసం అన్నారు. అన్నాక, ఆ అందరిలో నలభై కోట్ల మంది ఉన్న మన దేశం ఉందా లేదా అని అడిగే హక్కు మనకు ఉంటుంది.”

ఆ ప్రశ్నను చర్చిల్ ఎక్కువ కాలం నాన్చలేదు. చార్టర్ వెలువడిన మర్నాడే, ఆగస్టు 15న, ఉపప్రధాని బాధ్యతలు చూస్తున్న క్లెమెంట్ అట్లీ లండన్‌లో పశ్చిమాఫ్రికా విద్యార్థి సంఘంతో మాట్లాడుతూ ఈ సూత్రాలు అన్ని జాతులకూ వర్తిస్తాయని చెప్పారు. సెప్టెంబర్ 9న చర్చిల్ కామన్స్ సభలో దాన్ని సరిదిద్దారు. అట్లాంటిక్ సమావేశంలో తమ మనసులో ఉన్నది ముఖ్యంగా నాజీల కాడి కింద పడిన ఐరోపా దేశాలని, బ్రిటిష్ కిరీటానికి విధేయులైన ప్రాంతాల్లో స్వపరిపాలన క్రమంగా ఎదగడం వేరే సమస్య అని, భారత్, బర్మాల గురించి ఇదివరకు చేసిన ప్రకటనలను చార్టర్ ఏ రకంగానూ మార్చదని ఆయన వివరణ. బర్మా ప్రధాని ఊ సా ఆ శరదృతువులో లండన్ దాకా వెళ్లి అడిగి, వట్టి చేతులతో వెనుదిరిగారు.

లాయరమ్మకు ఈ వివరణే ముఖ్య సాక్ష్యం. “చార్టర్‌లో నాలుగో అంశం చూడండి. వ్యాపారంలోనూ ముడిసరుకులోనూ అన్ని దేశాలకూ సమాన అవకాశం అని రాసుకుంటూ, ‘ఇప్పటికే ఉన్న బాధ్యతలకు లోబడి’ అన్న మాట ఇరికించారు. పట్టుబట్టి పెట్టించింది చర్చిలే. 1932 ఒట్టావా ఒప్పందాలతో సామ్రాజ్యంలోని దేశాలు ఒకదానికొకటి ఇచ్చుకున్న సుంకాల రాయితీ పోకూడదని. అంటే మినహాయింపు ఎలా రాయాలో ఆయనకు తెలుసు. కావలసిన చోట రాసుకున్నారు కూడా. మూడో అంశంలో అలాంటి మినహాయింపు ఒక్కటీ లేదు. నాలుగో క్లాజులో రాసుకున్నవాడు మూడో క్లాజులో రాసుకోకపోతే కోర్టు ఏమంటుంది? అక్కడ మినహాయింపు లేదనే అంటుంది. మొదటి ముసాయిదా కూడా బ్రిటిష్ పక్షమే రాసింది. అలెగ్జాండర్ కడోగన్ చేత్తో. దస్తావేజులో సందేహం వస్తే రాసినవాడికి వ్యతిరేకంగానే తేల్చాలి.”

“అది దస్తావేజు అయితే కదమ్మా!” మాస్టారికి ఇది బాగా తెలిసిన చోటు. “సంతకాలతో ఉన్న చార్టర్ ప్రతి అంటూ అసలు లేదు. ఆ సంగతి రూజ్‌వెల్టే 1944 డిసెంబర్‌లో విలేఖరులకు చెప్పాడు. అది పత్రికలకిచ్చిన ప్రకటన. యుద్ధనౌకల మీద, జర్మన్ జలాంతర్గాముల భయం మధ్య, నాలుగు రోజుల్లో రాసుకున్న కాగితం. దాన్ని పట్టుకుని రిజిస్ట్రారాఫీసు భాష మాట్లాడితే ఎలా?”

“సంతకం లేనిదాని మీద మన చేత ఎందుకు సంతకం పెట్టించారు మరి?”

ఈ జవాబులో విషయం ఉంది. 1942 జనవరి 1, 2 తేదీల్లో వాషింగ్టన్‌లో 26 దేశాలు ఐక్యరాజ్యాల ప్రకటన మీద సంతకాలు చేశాయి. అట్లాంటిక్ చార్టర్ ఆశయాలను తాము అంగీకరిస్తున్నామన్నది అందులో మొదటి మాట. సంతకం చేసిన దేశాల్లో భారతదేశం ఒకటి. ఆ సంతకం గిరిజా శంకర్ బాజ్‌పాయ్‌ది, ఆయనను అక్కడికి పంపింది న్యూఢిల్లీలోని బ్రిటిష్ ప్రభుత్వం. స్వపరిపాలన సూత్రానికి తాను కట్టుబడతానని ఒప్పుకున్న దేశానికి ఆ సూత్రం వర్తించదన్నమాట. ఆ ఫిబ్రవరి 23న రూజ్‌వెల్ట్ రేడియోలో, చార్టర్ అట్లాంటిక్ అంచున ఉన్న దేశాలకే కాక ప్రపంచమంతటికీ చెందుతుందన్నారు. మార్చిలో చర్చిల్‌కు పంపిన సందేశంలో భారత్‌కు తాత్కాలిక ప్రభుత్వం ఇవ్వవచ్చని సూచించారు కూడా. చర్చిల్‌కు ఇది మింగుడు పడలేదు. స్టాఫర్డ్ క్రిప్స్ రాయబారం ఏప్రిల్‌లో విఫలమయ్యాక రూజ్‌వెల్ట్ కూడా గట్టిగా పట్టుబట్టలేదు. మిత్రుణ్ణి దూరం చేసుకునే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు. స్నేహానికి అయిన ఖర్చు మూడోవాడి ఖాతాలో పడింది.

ఆ జూలై 1న గాంధీ రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాశారు. ఇండియానూ ఆఫ్రికానూ బ్రిటన్ దోచుకుంటున్నంత కాలం, అమెరికాలో నల్లవారి సమస్య ఉన్నంత కాలం, స్వేచ్ఛ కోసం ఈ యుద్ధమన్న మాట బోలుగా వినిపిస్తుందన్నది అందులోని అభియోగం. ఆగస్టు 8న బొంబాయి గోవాలియా ట్యాంక్ మైదానంలో క్విట్ ఇండియా తీర్మానం అయింది. తెల్లవారేసరికి నాయకులు అరెస్టయ్యారు. కాంగ్రెస్ కార్యవర్గ సభ్యుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య మిగతావారితో పాటు అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధంలోకి వెళ్లారు. ఆగస్టు 12న తెనాలి రోడ్ల మీదికి జనం వచ్చారు. రైల్వే స్టేషన్ తగలబడింది, పోలీసు కాల్పుల్లో ఏడుగురు పడిపోయారు. ఇప్పుడు అక్కడ ఉన్న రణరంగ చౌక్ ఆ ఏడుగురి పేరిట కట్టిందే. ప్లాసెన్షియా అఖాతంలో చార్టర్ పాఠం ఖరారైనది అంతకు సరిగ్గా ఏడాది కిందట, అదే తేదీన. తెనాలి కాల్పులు జరిగిన మూడు నెలల తర్వాత, నవంబర్ 10న, లండన్ మాన్షన్ హౌస్ విందులో చర్చిల్ తేల్చి చెప్పేశారు: బ్రిటిష్ సామ్రాజ్యాన్ని మూసేసే పనికి అధ్యక్షత వహించడానికి తాను ప్రధాని కాలేదని.

“ఇక్కడ ఆయన్ను వెనకేసుకురాను” అన్నారు మాస్టారు. “1931లో గాంధీని అర్ధనగ్న ఫకీరన్న మనిషి 1942లో మారతాడని నేనెప్పుడూ పాఠం చెప్పలేదు. నేను చెప్పేది వేరు. మాట అన్నవాడు దాని హద్దు గీయొచ్చు. విన్నవాడు ఆ హద్దు దగ్గర ఆగడు. 1943లో నైజీరియా పత్రికాధిపతి న్నమ్డి అజికివే చార్టర్ పేరు పెట్టి పశ్చిమాఫ్రికా కోర్కెల పత్రం రాశాడు. అదే ఏడాది డిసెంబర్‌లో దక్షిణాఫ్రికా ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, చార్టర్‌లోని అంశాలను ఒక్కొక్కటే తీసుకుని, ఆఫ్రికన్ల దృష్టితో దానికి అర్థం రాసి, బ్లూమ్‌ఫాంటెయిన్‌లో ఆమోదించింది. వియత్నాం నాయకుడు హోచిమిన్ 1945లో చార్టర్‌ను గుర్తు చేస్తూ అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌కు ఉత్తరాలు రాశాడు. వీళ్లెవరూ సెప్టెంబర్ 9 వివరణను లెక్కచేయలేదు.”

“లెక్కచేయలేదు, నిజమే. వాళ్లకు జవాబొచ్చిందా మాస్టారూ?”

హోచిమిన్‌కు రాలేదు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు డాక్టర్ జుమా తన పత్రం గురించి కలుసుకుని మాట్లాడతానంటే దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్ ఒప్పుకోలేదు. అయినా మాస్టారి మాటను కొట్టెయ్యడానికి లేదు. అడగడానికి ఒక కాగితం దొరకడం వేరు, అడిగింది దొరకడం వేరు. చార్టర్ మొదటిది ఇచ్చింది.

ప్లాసెన్షియా సమావేశంలో చర్చిల్ దేన్ని ఏకత్వం అనుకున్నారో చూడాలంటే 1941 ఆగస్టు 10 ఆదివారం ప్రార్థనను తలచుకోవాలి. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ నౌక డెక్ మీద, పెద్ద ఫిరంగుల నీడన, రెండు దేశాల నావికులు కలిసిపోయి నిలబడ్డారు. కీర్తనలను చర్చిల్ తానే ఎంచారు. పీఠం మీద రెండు జెండాలు పరిచారు. ఒక పుస్తకాన్ని ఇద్దరిద్దరు పట్టుకుని పాడారు. ఒకే భాష, ఒకే కీర్తనలు, దాదాపు ఒకే ఆదర్శాలు: తర్వాత చర్చిల్ కదిలిపోయి చెప్పింది ఇదే. ఆయన స్వేచ్ఛకు ఆ డెక్కే సరైన బొమ్మ. ఎంత నిజమైన ఆత్మీయత ఉందో అందులో అంత ఇరుకూ ఉంది. నాలుగు నెలలకు, డిసెంబర్ 10న, జపాన్ విమానాలు అదే నౌకను మలయా తీరం దగ్గర ముంచేశాయి. దానితో పాటు మునిగిన రిపల్స్‌తో కలిపి 800 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రార్థనలో గొంతు కలిపినవాళ్లు వాళ్లలో చాలామందే.

భాష మీది ఈ మక్కువ 1943 సెప్టెంబర్ 6న హార్వర్డ్‌లో ఇంకా తేటగా బయటపడింది. గౌరవ డాక్టరేట్ అందుకుంటూ చర్చిల్ ఉమ్మడి భాష వెలకట్టలేని వారసత్వమని, అది ఎప్పుడో ఉమ్మడి పౌరసత్వానికి దారి తీయవచ్చునని అన్నారు. 850 మాటల బేసిక్ ఇంగ్లీషును ప్రపంచానికి సిఫార్సు చేశారు. రాబోయే సామ్రాజ్యాలు మనసు సామ్రాజ్యాలేనన్నారు. అదే నెలల్లో బెంగాల్‌లో కరువు జనాన్ని మింగుతోంది. మృతులు దాదాపు 30 లక్షలని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. నౌకలు లేకపోవడం, బర్మా బియ్యం ఆగిపోవడం, ప్రాంతీయ ప్రభుత్వ వైఫల్యం, ధాన్యం పంపడంలో లండన్ మంత్రివర్గం చూపిన అలసత్వం, వీటిలో దేని పాలు ఎంతన్నదానిపై వాదం తెగలేదు. లాయరమ్మ దాన్ని ఇక్కడ తెగ్గొట్టాలని చూడలేదు. “యుద్ధంలో స్వచ్ఛందంగా చేరిన భారత సైనికులు 25 లక్షలు. హార్వర్డ్ ప్రసంగంలోని కుటుంబంలో వాళ్లకు పీట వెయ్యలేదు” అని మాత్రం అంది.

ఈ ప్రసంగాల్లో శిఖరం ఫుల్టన్. 1946 మార్చి 5న చర్చిల్ ప్రధాని కారు. అంతకు ముందు జూలైలో ఓడిపోయి ప్రతిపక్షంలో ఉన్నారు. మిస్సోరి రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో వెస్ట్‌మిన్‌స్టర్ కాలేజీ పంపిన ఆహ్వానం అడుగున అధ్యక్షుడు ట్రూమన్ స్వయంగా కలం పట్టి, ఇది మా రాష్ట్రంలోని మంచి కాలేజీ, వస్తే నేనే మిమ్మల్ని పరిచయం చేస్తానని రాశారు. ఇద్దరూ రైల్లో పేకాడుకుంటూ వెళ్లారు. ప్రసంగంలో ప్రపంచం చెప్పుకున్నది బాల్టిక్ తీరంలోని స్టెటిన్ నుంచి ఏడ్రియాటిక్ తీరంలోని ట్రియెస్టె దాకా దిగిన ఇనుపతెర గురించి. చర్చిల్ తన అసలు ప్రతిపాదనగా చూపింది మరొకటి: ఇంగ్లీషు మాట్లాడే జాతుల సోదరబంధం. ఉమ్మడి స్థావరాలు, ఒకే రకం ఆయుధాలు, ఒకరి కాలేజీల్లో ఒకరి అధికారులకు శిక్షణ. ‘ప్రత్యేక సంబంధం’ అన్న మాటకు ఇంత ప్రచారం వచ్చింది ఇక్కడినుంచే.

మాస్టారు ఈ ప్రసంగానికి పూర్తి మార్కులు వేస్తారు. “ఎర్ర సైన్యం బెర్లిన్‌లో కూర్చుని ఉంది. పోలండ్‌లో, రుమేనియాలో పోలీసు ప్రభుత్వాలు లేస్తున్నాయి. అమెరికన్లు ఇంటికెళ్లే హడావిడిలో ఉన్నారు. అందరూ లోపల అనుకుంటున్నదాన్ని బయటికి అన్నది పదవి లేని ఈ 71 ఏళ్ల ముసలాయన. అన్నందుకు తిట్లు తిన్నాడు. అమెరికా పత్రికా వ్యాఖ్యాత వాల్టర్ లిప్‌మన్ దాన్ని ఘోర తప్పిదమన్నాడు. రైల్లో చదివి మెచ్చుకున్న ట్రూమన్ కూడా ముందుగా చూడలేదని తప్పించుకున్నాడు. మూడేళ్లకు అందరూ ఆయన దారికే వచ్చారు.”

“ఆ ప్రసంగంలోనే, బ్రిటిష్ సామ్రాజ్యమంతటా పౌరులు అనుభవిస్తున్న స్వేచ్ఛలు ఎన్నో దేశాల్లో లేవని బాధపడ్డారు చూశారా?” లాయరమ్మ గొంతు మొదటిసారి కాస్త పెరిగింది. “మాగ్నా కార్టా, హేబియస్ కార్పస్, జ్యూరీ విచారణ, అన్నీ వరసగా చెప్పారు. 1943 ఏప్రిల్‌లో కేశవ్ తల్పాడే కేసులో మన ఫెడరల్ కోర్టు ఏం చేసింది? విచారణ లేకుండా నిర్బంధించడానికి వాడుతున్న డిఫెన్స్ ఆఫ్ ఇండియా 26వ రూల్ చెల్లదంది. అదీ ఇంగ్లీషు దొర మారిస్ గ్వయర్ ప్రధాన న్యాయమూర్తిగా. కొద్ది రోజుల్లోనే వైస్రాయ్ ఆర్డినెన్స్ తెచ్చి, పాత తేదీ నుంచే ఆ రూలుకు ప్రాణం పోశాడు. హేబియస్ కార్పస్ సామ్రాజ్యంలో అలా బతికింది. ఇక ఫుల్టన్ ఉన్న మిస్సోరి సంగతి. లాయిడ్ గెయిన్స్ అనే నల్ల విద్యార్థిని ఆ రాష్ట్ర యూనివర్సిటీ లా కాలేజీలో చేర్చుకోకపోతే, 1938లో సుప్రీంకోర్టు చెప్పాక కూడా, వేరే లా స్కూలు పెట్టారే గానీ ఆ గుమ్మం తెరవలేదు.”

ఇంగ్లీషులో ఒకే మాటలో ఇమిడిపోయేది తెలుగులో మూడు మాటలుగా విడిపోతుంది: స్వేచ్ఛ, స్వాతంత్ర్యం, స్వరాజ్యం. ఫుల్టన్‌లో చర్చిల్ మాట్లాడింది మొదటిదాని గురించి. పౌరుడికీ పోలీసుకూ మధ్య చట్టం నిలబడాలన్న స్వేచ్ఛ అది. ఆ ప్రసంగానికి రెండు వారాల ముందు, ఫిబ్రవరి 18న, బొంబాయి రేవులో తిరుగుబాటు జెండా ఎత్తిన రాయల్ ఇండియన్ నేవీ నావికులు అడిగింది మూడోది. మొదటిదాన్ని నిజంగా ప్రేమించిన మనిషి మూడోదాన్ని చివరిదాకా ఎదిరించడం విడ్డూరమేమీ కాదు. రెండూ ఒకటేనని శ్రోతలకు వినిపించేలా మాట్లాడటమే ఆ ప్రసంగాలకు బలమూ, బలహీనతా. స్టాలిన్ ఈ బలహీనతనే పట్టుకున్నాడు. మార్చి 14 ప్రావ్దాలో వచ్చిన ఇంటర్వ్యూలో, జర్మన్ భాష మాట్లాడేవాళ్లే ఉత్తమజాతి అన్న హిట్లర్‌తో, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లను ముందు పెట్టిన చర్చిల్‌ను పోల్చాడు. స్టాలిన్ నోట స్వేచ్ఛ పాఠం వినడం కంటే ఎబ్బెట్టు ఉండదు గానీ, దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది.

1949 ఏప్రిల్ 4న 12 దేశాలు ఉత్తర అట్లాంటిక్ (నేటో) ఒడంబడిక మీద సంతకం చేశాయి. అది ఫుల్టన్ నమూనాలో రాలేదు. ఫ్రాన్స్, ఇటలీ, నార్వే, బెల్జియం చేరిన కూటమిని భాషాబంధంతో కట్టలేరు. ఒడంబడిక పీఠిక ప్రజాస్వామ్యం, వ్యక్తి స్వేచ్ఛ, చట్టబద్ధ పాలన అనే విశాలమైన మాటలనే ఎంచుకుంది.

“చూశావా, ఇరుకు మాట రాలిపోయింది, విశాలమైన మాట నిలిచింది” అన్నారు మాస్టారు. “1950 ఐరోపా మానవహక్కుల ఒప్పందం తీసుకో. 1948 హేగ్ సభ నుంచీ దాని వెనక చర్చిల్ ఉన్నాడు. 1953లో, ఆయన మళ్లీ ప్రధానిగా ఉండగానే, దాన్ని డజన్ల కొద్దీ వలసలకు వర్తింపజేశారు. అది పట్టుకునే 1956లో గ్రీసు, సైప్రస్‌లో బ్రిటన్ చేస్తున్న పనుల మీద ఫిర్యాదు చేసింది.”

“వర్తింపజేసినప్పుడు కెన్యాలో ఎమర్జెన్సీ నడుస్తోంది. అయినా ఈ ఒక్కటీ మీకు వదిలేస్తాను” అంది లాయరమ్మ. “నేటో పీఠికలో విశాలమైన మాటలున్నాయన్నారు. కింద సంతకం పెట్టిన 12 మందిలో సలాజార్ నియంతృత్వంలో ఉన్న పోర్చుగల్ ఒకటి. ఆరో ఆర్టికల్ చదవండి. దాడి ఎక్కడ జరిగితే కూటమి కదులుతుందో అందులో రాశారు: ఐరోపా, ఉత్తర అమెరికా, ఫ్రాన్సు కింద ఉన్న అల్జీరియా, కర్కాటక రేఖకు ఉత్తరాన అట్లాంటిక్ దీవులు. ఈసారి మినహాయింపు మర్చిపోలేదు.”

ఆ ఆర్టికల్ మన దేశానికి అక్కరకొచ్చింది. గోవాను కాపాడుకోవడానికి పోర్చుగల్ మిత్రుల అండ కోరింది. 1955 డిసెంబర్ 2న అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్, పోర్చుగల్ మంత్రి కున్యా కలిసి ఇచ్చిన ప్రకటన గోవాను పోర్చుగల్ ‘రాష్ట్రం’ అనే ధోరణిలో ఉండి ఢిల్లీకి ఆగ్రహం తెప్పించింది. 1961 డిసెంబర్ 18న భారత సైన్యం గోవాలోకి వెళ్లింది. భద్రతామండలిలో కాల్పుల విరమణ, సైన్యం ఉపసంహరణ కోరుతూ అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ తెచ్చిన తీర్మానాన్ని సోవియట్ వీటో ఆపింది. నేటో సైన్యం మాత్రం కదలలేదు.

“గోవా ఎన్ని డిగ్రీల మీద ఉంది మాస్టారూ?”

“పదిహేను.”

“కర్కాటక రేఖ?”

“ఇరవై మూడున్నర” అన్నారు మాస్టారు. “అయితే ఆ ఇరుకు హద్దు వల్ల ఈసారి లాభపడింది మనమేనంటావు.”

“అవును. కాగితంలో రాసిన హద్దు కాబట్టి వాళ్లూ దాన్ని దాటలేకపోయారు. 1941లో మనకు చూపిన హద్దు ఏ కాగితంలోనూ లేదు.”

డిసెంబర్ 19న గవర్నర్ జనరల్ వస్సాలో ఇ సిల్వా లొంగుబాటు పత్రం మీద సంతకం చేశారు. అప్పటికి చర్చిల్‌కు 87 ఏళ్లు, ఇంకా కామన్స్ సభ్యుడే.